వేలిముద్ర పోతే కొత్త వేలు ఎక్కడ తెచ్చుకుంటాం?

పోయిన సంచికలో పాస్‌వర్డ్‌ల గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. "ఈ పాస్‌వర్డ్‌ల తలనొప్పి ఎందుకు, వేలు పెడితే పోదా?" అని అడిగినవాళ్లు కొందరు. వేలు పెట్టి, ముఖం చూపించి ఇబ్బంది పడ్డవాళ్లు మరికొందరు. ఈసారి చోటంతా ఈ రెండోవాళ్లకే ఇస్తున్నాను. వేలిముద్రను, ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాలను పరీక్షించడం నా ఉద్యోగం. కొత్త యంత్రం రాగానే నేను ముందు చూసేది అది ఎవరిని లోపలికి రానిస్తుందని కాదు, రావాల్సినవాళ్లలో ఎవరిని బయట నిలబెడుతుందని. అందుకే ఈ ఉత్తరాలు నన్ను బాగా కదిలించాయి.

మా అత్తగారికి డెబ్భై దాటాయి. ఆవిడ ఫోన్‌లో వేలిముద్ర పెట్టించాను కానీ తెరుచుకోవడం గగనమైపోతోంది. మొన్న ఒక ఆఫీసులో యంత్రం మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా తీసుకోలేదు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. "నా చేతులే పనికిరాకుండా పోయాయి" అని ఇంటికొచ్చి ఏడ్చారు. వేళ్లకు రాసుకునే క్రీము ఏమైనా ఉందా?
— ఒక కోడలు

ముందు మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. పనికిరానిది ఆ యంత్రం. అన్నేళ్లు పనిచేసిన చేతులను చదవలేని యంత్రాన్ని జనం ముందు పెట్టి, ఇంకో దారి చూపించకపోవడం పెట్టినవాళ్ల తప్పు. ఆవిడ సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఎందుకిలా జరుగుతుందో చెబుతాను. వేలికొనమీద గీతలు చిన్న చిన్న గట్లలా ఉంటాయి, వాటి మధ్య పల్లాలుంటాయి. చాలా యంత్రాలు గట్టు ఎక్కడ తగిలింది, పల్లం ఎక్కడ ఖాళీగా ఉంది అన్నది అతి సన్నటి విద్యుత్ తేడాల ద్వారా పసిగడతాయి. వయసు మీదపడేకొద్దీ చర్మం పొడిబారుతుంది, బిగువు తగ్గుతుంది, గట్లు చదునవుతాయి. గీతలకు అడ్డంగా సన్నని ముడతలు పడతాయి. సిమెంటు పని, గిన్నెలు తోమడం, బట్టలుతకడం, ఘాటైన ద్రావకాలతో శుభ్రం చేయడం, ఏళ్ల తరబడి కాగితాలు తిప్పడం... ఇవన్నీ గట్లను అరగదీసేవే. అంటే జీవితమంతా చేతులతో బతికినవాళ్లనే ఈ యంత్రం ఎక్కువగా కాదంటుంది. నా ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం ఇదే.

మందుల వల్ల కూడా ముద్రలు పోతాయి. కాపెసిటబీన్ అనే క్యాన్సర్ మందు వాడితే కొందరికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, పొట్టు లేచి గీతలు చెరిగిపోతాయి. ఆ మందు వాడుతున్న సింగపూర్ పెద్దమనిషి ఒకాయన 2008 డిసెంబరులో అమెరికా వెళ్తే, వేలిముద్రలు కనబడక విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆపేశారు. మరుసటి ఏడాది ఆయన డాక్టరు ఈ సంగతి వైద్య పత్రికలో రాశారు. పుట్టుకతోనే వేలిముద్రలు లేనివాళ్లూ ఉంటారు. చాలా అరుదు. స్విట్జర్లాండ్‌లో ఒక కుటుంబాన్ని పరిశీలించి దానికి కారణమైన జన్యుమార్పును 2011లో కనిపెట్టారు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. పొద్దున పెట్టిన ముద్ర, సాయంత్రం పెట్టిన ముద్ర అచ్చంగా ఒకేలా రావు. కాబట్టి "ఎంతవరకు కలిస్తే ఒప్పుకోవాలి" అన్న హద్దును యంత్రంలో ఎవరో ఒకరు పెడతారు. హద్దు బిగిస్తే పరాయివాళ్లు లోపలికి రావడం తగ్గుతుంది కానీ అసలు మనిషి కూడా బయటే నిలబడాల్సి వస్తుంది. వదులు చేస్తే అసలు మనిషికి సులువే, కానీ పరాయివాళ్లకూ సులువే. రెండు తప్పులూ ఒకేసారి సున్నా అయ్యే హద్దు లేదు. మీ అత్తగారిని ఆపింది ఎవరో ఒక గదిలో కూర్చుని పెట్టిన ఆ హద్దు.

ఇక మీరు అడిగింది. కొంచెం మాయిశ్చరైజర్ రాసి, బాగా ఇంకాక, పైన మిగిలిన జిడ్డు తుడిచి వేలు పెడితే పొడిచర్మానికి కొంత ఫలితం ఉంటుంది. చేతులు చల్లగా ఉంటే రుద్ది వేడి చేయాలి. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమచేతి వేళ్లు తక్కువగా అరిగి ఉంటాయి, ఆ వేళ్లు నమోదు చేసి చూడండి. ఫోన్‌లో ఒకే వేలిని రెండుసార్లు, రెండు వేర్వేరు వేళ్లన్నట్టుగా నమోదు చేయొచ్చు. దాంతో యంత్రానికి పోల్చుకోవడానికి ఎక్కువ సమాచారం దొరుకుతుంది. ఇవేవీ పనిచేయకపోతే ఆరంకెల పిన్ పెట్టండి. అది ఏ విధంగానూ తక్కువది కాదు.

ఆఫీసు సంగతి వేరు. యంత్రం తీసుకోకపోతే సిబ్బంది ఇంకో పద్ధతిలో గుర్తింపు చూడాలి. ఈసారి మీరూ వెంట వెళ్లండి. "యంత్రం చదవడం లేదు, మీ దగ్గరున్న ఇంకో పద్ధతి చెప్పండి" అని అడగండి. ఇంకో పద్ధతి లేదని చెబితే, ఆ లేదన్న మాటే కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వాల్సి వచ్చేసరికి చాలాచోట్ల ఇంకో పద్ధతి గుర్తుకొస్తుంది. నలుగురి ముందు మళ్లీ మళ్లీ వేలు పెట్టించడం మాత్రం ఒప్పుకోకండి.

మేం పనిచేసేచోట హాజరుకు వేలిముద్రల యంత్రం ఉంది. దాన్ని నడిపే కాంట్రాక్టు కంపెనీ మారింది. పాత కంపెనీ దగ్గర ఉన్న మా వేలిముద్రలు ఏమయ్యాయని అడిగితే, "అవి ఫొటోలు కావు, ఉత్త అంకెలు. టెన్షన్ పడొద్దు" అన్నారు మా మేనేజరు. నిజమేనా?
— ఒక ఉద్యోగి

మీ మేనేజరు చెప్పినదాంట్లో సగమే నిజం. మీరు టెన్షన్ పడటంలో న్యాయం ఉంది.

మంచి యంత్రాలు వేలిముద్ర ఫొటోను దాచవన్నది నిజమే. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది, ఏ వైపు తిరిగింది అన్న వివరాలను అంకెలుగా మార్చి దాస్తాయి. దాన్ని టెంప్లేట్ అంటారు. టెంప్లేట్ నుంచి వేలిముద్రను తిరిగి తయారుచేయలేరని చాలాకాలం అనుకున్నారు. 2007లో ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రామాణిక టెంప్లేట్ల నుంచే వేలిముద్రల బొమ్మలు తిరిగి గీసి చూపించారు. ఆ బొమ్మలు అసలు ముద్రకు నకలు కావు, కానీ యంత్రాలను ఒప్పించడానికి సరిపోయాయి. కాబట్టి "ఉత్త అంకెలు" అన్న మాటతో ఎవరూ మిమ్మల్ని తోసిపుచ్చలేరు.

పాస్‌వర్డ్‌తో ఒక సౌకర్యం ఉంది. పద్ధతిగా నడిచే సంస్థ మీ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచదు. వెనక్కి తిప్పలేని గణితంతో మార్చి, ఆ ఫలితాన్ని మాత్రమే దాస్తుంది. మీరు పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ అదే లెక్క చేసి రెండూ ఒకటేనా అని చూస్తుంది. వేలిముద్రకు ఈ ఉపాయం నేరుగా పనికిరాదు, ఎందుకంటే రెండుసార్లు పెట్టిన ముద్రలు కచ్చితంగా ఒకేలా ఉండవు. చిన్న తేడా వచ్చినా ఆ గణితం పూర్తిగా వేరే ఫలితం ఇస్తుంది. అందుకని మామూలుగా టెంప్లేట్‌ను మళ్లీ తెరిచి పోల్చగలిగే రూపంలోనే ఉంచాలి. తెరవగలిగేది ఏదైనా దొంగకూ పనికొస్తుంది.

ఇది ఊహించి భయపడుతున్న సంగతేం కాదు. అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల వివరాలు చూసే ఆఫీస్ ఆఫ్ పర్సనల్ మేనేజ్‌మెంట్ నుంచి దాదాపు 2 కోట్ల 15 లక్షల మంది వివరాలు దొంగతనమైనట్టు 2015లో బయటపడింది. అందులో వేలిముద్రలు కూడా ఉన్నాయి. మొదట 11 లక్షల మందివన్నారు, ఆ సెప్టెంబరుకల్లా 56 లక్షల మందివని సరిచేశారు. ఆ వేలిముద్రలను దుర్వినియోగం చేసే అవకాశం ఇప్పటికి పరిమితమేనని, సాంకేతికత పెరిగేకొద్దీ అది మారవచ్చని ఆ సంస్థే ఒప్పుకుంది. ఆ ఉద్యోగులు పాస్‌వర్డ్‌లు మార్చుకుని ఉంటారు, కార్డులు మార్చుకుని ఉంటారు. వేళ్లు మాత్రం అవే. వాళ్లు బతికినంతకాలం ఆ ముద్రలు ఎవరి దగ్గరో ఉంటాయి.

మీ ఫోన్‌లో పెట్టిన వేలిముద్రకూ, హాజరు యంత్రంలో పెట్టిన వేలిముద్రకూ చాలా తేడా ఉందని నేను ప్రతిచోటా చెబుతుంటాను. ఇప్పుడొస్తున్న మంచి ఫోన్లలో ముద్ర ఆ ఫోన్‌లోనే, విడిగా భద్రపరిచిన చోట ఉండిపోతుంది. బ్యాంకు యాప్‌కు కూడా అది వెళ్లదు. "కలిసింది", "కలవలేదు" అన్న జవాబు మాత్రమే వెళ్తుంది. దొంగకు కావాలంటే మీ ఒక్కరి ఫోన్ మీద పడాలి, దొరికేది మీ ఒక్కరి ముద్ర. హాజరు యంత్రం అలా కాదు. అందరి ముద్రలూ ఒకేచోట కుప్పగా ఉంటాయి, ఆ కుప్ప ఏ కంపెనీ సర్వరులో ఉందో మీకు తెలియదు.

మీరు ఉద్యోగులంతా కలిసి లిఖితపూర్వకంగా అడగండి. పాత కంపెనీ దగ్గరున్న టెంప్లేట్లు చెరిపేశారా, చెరిపినట్టు రుజువేమిటి? బ్యాకప్‌లలో ఉన్నవాటి మాటేమిటి? అది చాలామంది మరిచిపోతారు, నేను ముందు అడిగేది అదే. ఉద్యోగం మానేసినవాళ్ల ముద్రలు ఎన్నాళ్లు ఉంచుతారు? వేలిముద్రే ఎందుకు, కార్డు సరిపోదా? చివరిదానికి చాలా సంస్థల దగ్గర సరైన జవాబు ఉండదు. ఒకరి బదులు ఒకరు హాజరు వేస్తారన్న భయంతో అందరి వేళ్ల గీతలూ పోగేయడం నాకు న్యాయంగా అనిపించదు.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2008లోనే దీనికో చట్టం చేసింది. ప్రైవేటు సంస్థ ఏదైనా వేలిముద్రో, ముఖం కొలతలో తీసుకోవాలంటే ముందు ఎందుకో, ఎన్నాళ్లకో రాసిచ్చి, మనిషి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఉల్లంఘిస్తే మామూలు మనిషే కోర్టుకు వెళ్లొచ్చు. ఫొటోల్లో ముఖాలను గుర్తుపట్టే సదుపాయం మీద ఆ చట్టం కింద వచ్చిన కేసులో ఫేస్‌బుక్ 65 కోట్ల డాలర్లకు రాజీపడింది. యూరప్‌లో 2018 మే నుంచి అమలులో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ కూడా మనిషిని గుర్తుపట్టడానికి వాడే శరీర వివరాలను ఆరోగ్య వివరాల సరసన ప్రత్యేక రక్షణ కింద పెట్టింది. మీరున్న చోట చట్టం ఏమంటుందో మీ యూనియన్ ద్వారా కనుక్కోండి.

సెల్ఫీలో రెండు వేళ్లు చూపిస్తే వేలిముద్రలు కొట్టేస్తారంటున్నారు. ఇక ఫొటోలే దిగకూడదా?
— కాలేజీ విద్యార్థిని

దిగమ్మా, హాయిగా దిగు. అయితే ఆ మాట పూర్తిగా పుకారు మాత్రం కాదు.

జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అని కంప్యూటర్ భద్రత మీద పనిచేసే బృందం ఉంది. వేలిముద్రను రహస్యంగా భావించడం ఎంత పొరపాటో చూపించడానికి 2008లో వాళ్లు అప్పటి హోంమంత్రి వోల్ఫ్‌గాంగ్ షాయిబ్లె వేలిముద్రను ఆయన పట్టుకున్న గ్లాసు మీద నుంచి తీసి తమ పత్రికలో అచ్చేశారు. 2013లో ఐఫోన్ 5ఎస్ వేలిముద్రతో తెరుచుకునేలా వస్తే, కొద్దిరోజుల్లోనే గాజు మీద పడిన ముద్రను ఫొటో తీసి, నకలు చేసి తెరిచారు. 2014 డిసెంబరులో ఆ బృందానికే చెందిన యాన్ క్రిస్లర్ జర్మనీ రక్షణమంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లయెన్ విలేకరుల సమావేశంలో ఉండగా తీసిన ఫొటోల నుంచి ఆమె బొటనవేలి ముద్రను తిరిగి తయారుచేశానని సభలో చూపించాడు. అంతకుముందు 2002లోనే జపాన్‌లో సుతోము మట్సుమోటో బృందం జెలటిన్‌తో చేసిన వేళ్లతో అప్పటి యంత్రాలను ఎన్నింటినో మోసగించింది.

అయితే వీళ్లంతా నిపుణులు. వాళ్లకు మంచి ఫొటో కావాలి, ఓపిక కావాలి, ఆ ఫోన్ కూడా చేతికి దొరకాలి. నీ సెల్ఫీ చూసి అంత శ్రమ పడేవాళ్లు ఉండటం కష్టం. ఫొటోల కంటే నువ్వు ముట్టుకున్న గ్లాసు, తలుపు, చివరికి నీ ఫోన్ గాజు మీదే నీ ముద్రలు స్పష్టంగా ఉంటాయి. రోజంతా అందరికీ కనబడేచోట వదిలి వచ్చేదాన్ని రహస్యం అనలేం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా శరీర గుర్తులను రహస్యాలుగా లెక్కించకూడదని, మనిషి దగ్గరుండే ఒక వస్తువుతో కలిపి మాత్రమే వాడాలని రాసింది. నీ ఫోన్ నీ చేతిలో ఉండగా వేలు పెట్టడం ఆ లెక్కలో సరైనదే. ఎక్కడో సర్వరు మీద వేలిముద్ర ఒక్కటే చూసి తలుపు తీసే పద్ధతి మాత్రం ప్రమాదం.

నేను నిద్రపోతున్నప్పుడు మా ఆయన నా వేలు పెట్టి నా ఫోన్ తెరుస్తున్నారు. మెసేజీలన్నీ చదివి పొద్దున నిలదీస్తారు. పిన్ మాత్రమే పెట్టుకుంటే "ఏం దాస్తున్నావు" అంటారేమో. ఏం చేయాలి?
— పేరు రాయలేదు

మీ ఉత్తరం చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. మీ అనుమతి లేకుండా మీ వేలిని వాడుకోవడం మీ పట్ల తప్పు. భార్యాభర్తలయినా సరే. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలు రాసేవాళ్లు చాలామంది తప్పు తమదేనేమో అన్నట్టు రాస్తారు.

ఈ సాంకేతికతలో నేను చూసే అతి పెద్ద లోపం ఇక్కడే ఉంది. ఆ వేలు ఎవరిదో యంత్రం చెప్పగలదు. ఎవరి ఇష్టంతో పెట్టారో చెప్పలేదు. పిన్ మీ తలలో ఉంటుంది, మీరు మేలుకుని, ఒప్పుకుని చెబితేనే బయటికొస్తుంది. వేలు, ముఖం నిద్రలో ఉన్నా, మందు మత్తులో ఉన్నా, ఎవరైనా బలవంతంగా పట్టుకున్నా పనిచేస్తాయి. 2019లో గూగుల్ పిక్సెల్ 4 ఫోన్ మార్కెట్‌లోకి వచ్చినప్పుడు కళ్లు మూసుకున్న ముఖానికి కూడా తెరుచుకునేది. కళ్లు తెరిచి ఉంటేనే తెరిచే సెట్టింగు వచ్చింది మరుసటి ఏడాదే.

మార్పు చేస్తే ఇంట్లో గొడవ పెద్దదవుతుందా, మీ మీద చెయ్యి చేసుకునే ప్రమాదం ఉందా అన్నది ముందు ఆలోచించండి. అలాంటి భయం ఉంటే ఫోన్ సంగతి తర్వాత. మీరు నమ్మే మనిషికో, మహిళల సహాయ కేంద్రానికో ముందు చెప్పండి, అదీ మీ ఫోన్ నుంచి కాకుండా.

ఆ భయం లేకపోతే సెట్టింగుల్లోకి వెళ్లి ఎన్ని వేళ్లు నమోదై ఉన్నాయో చూడండి. ఆయన వేలు కూడా అందులో ఉండొచ్చు, రెండో ముఖం కూడా ఉండొచ్చు. చాలా యాప్‌లు ఆ ఫోన్‌లో నమోదైన ఏ వేలినైనా మీదే అనుకుంటాయి, బ్యాంకు యాప్‌లతో సహా. అన్నీ తీసేసి పిన్ మార్చండి. వేలి సౌకర్యం పూర్తిగా వదులుకోవడం ఇష్టం లేకపోతే రాత్రి పడుకునే ముందు మాత్రం ఆపొచ్చు. ఐఫోన్‌లో పక్క బటన్, వాల్యూమ్ బటన్ కలిపి కాసేపు నొక్కితే ఆ తర్వాత పాస్‌కోడ్ కొడితేనే తెరుచుకుంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూలో లాక్‌డౌన్ అని ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది. కొన్నింటిలో దాన్ని ముందు సెట్టింగుల్లో ఆన్ చేయాలి. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసినా మొదటిసారి పిన్ అడుగుతుంది. "ఆపి ఛార్జింగ్ పెట్టాను" అంటే ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

మేం కవలలం. మా అన్నయ్య ముఖానికి నా ఫోన్ తెరుచుకుంటోంది. ఫోన్ పాడైందా?
— తమ్ముడు

పాడవలేదు. ముఖంతో ఐఫోన్ పొరపాటున పరాయి మనిషికి తెరుచుకునే అవకాశం పది లక్షల్లో ఒకటి అని ఆపిల్ చెబుతుంది, కవలలకు, పోలికలున్న తోబుట్టువులకు, పదమూడేళ్లలోపు పిల్లలకు ఆ లెక్క వర్తించదని కూడా అదే చెబుతుంది. ఈ రెండో సగం ప్రకటనల్లో కనబడదు. వేలిముద్రలు కవలలకు కూడా వేరుగానే ఉంటాయి కాబట్టి మీకు వేలో, పిన్నో మంచిది. వేళ్లు కూడా అవసరమైనన్నే నమోదు చేయండి. ఆపిల్ లెక్క ప్రకారమే ఒక వేలుంటే 50 వేలల్లో ఒకటిగా ఉన్న పొరపాటు అవకాశం, ఐదు వేళ్లు పెడితే 10 వేలల్లో ఒకటికి పెరుగుతుంది. నాలుగంకెల పిన్‌ను ఒక్క ఊహతో కనిపెట్టే అవకాశం కూడా అంతే.

ఫోన్ చేసినప్పుడు నా గొంతును బట్టి గుర్తుపట్టే సేవలో చేరమంటున్నారు. చేరనా?
— రిటైర్డ్ ఉద్యోగి

వద్దండి. వేలు, ముఖం, గొంతు అన్న ఈ గుర్తింపు పద్ధతుల్లో నేను ఎవరికైనా నేరుగా వద్దనేది ఇదొక్కటే. 2017లో బీబీసీ విలేకరి ఒకరు పరీక్ష కోసం తన కవల సోదరుడితో గొంతు అనుకరింపజేస్తే బ్యాంకు యంత్రం ఒప్పుకుంది. వాళ్లు అచ్చుగుద్దినట్టుండే కవలలు కూడా కాదు. 2023లో మరో విలేకరి కృత్రిమ మేధతో తయారుచేసిన తన గొంతుతోనే తన ఖాతాలోకి వెళ్లి చూపించాడు. పెళ్లి వీడియోలో మాట్లాడినా, వాయిస్ మెసేజ్ పంపినా మీ గొంతు నమూనా బయట ఉన్నట్టే. ఇప్పటికే చేరి ఉంటే తీసేయమని, ఆ రికార్డును చెరిపేయమని రెండూ అడగండి. మొదటిది చేసి రెండోది వదిలేస్తారు.

నేను నల్లగా ఉంటాను. మా ఆఫీసు గేటు దగ్గర ముఖం చూసే కెమెరా మిగతావాళ్లకు వెంటనే తలుపు తీస్తుంది, నన్ను మాత్రం నిలబెడుతుంది. చెబితే నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.
— ఒక ఉద్యోగిని

నేను నవ్వను. మీరు గమనించింది నిజంగా ఉన్న లోపమే.

కెమెరాకు కావాల్సింది ముఖం మీది వెలుగునీడల తేడాలు. వెనక గాజు తలుపు నుంచి వెలుతురు వస్తుంటే కెమెరా ఆ వెలుతురుకు సర్దుకుని ముఖాన్ని చీకటి చేస్తుంది. ముదురు రంగు ముఖంలో ఆ తేడాలు ఇంకా తగ్గిపోతాయి. రెండో కారణం నేర్పిన తీరు. ప్రోగ్రాముకు ఏ ముఖాలు ఎక్కువగా చూపించి నేర్పితే ఆ ముఖాలనే బాగా గుర్తుపడుతుంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జాయ్ బువొలామ్‌వినీ, ఆమెతో కలిసి టిమ్నిట్ గెబ్రూ 2018లో మూడు కంపెనీల ప్రోగ్రాములను పరీక్షించారు. అది ఆడా మగా చెప్పే పరీక్షే అనుకోండి, గుర్తింపు పరీక్ష కాదు. లేతరంగు మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు. ముదురురంగు ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. 2019 డిసెంబరులో నిస్ట్ 189 ప్రోగ్రాములను చూసి, ఒకరిని ఇంకొకరనుకునే పొరపాటు ఆఫ్రికన్ అమెరికన్, ఆసియా ముఖాల విషయంలో, ప్రోగ్రామును బట్టి, పది నుంచి వంద రెట్లు ఎక్కువని చెప్పింది. ఆసియా దేశాల్లోనే తయారైన కొన్ని ప్రోగ్రాముల్లో ఆసియా ముఖాలకు అంత తేడా లేదు కూడా. అంటే శ్రద్ధ పెడితే సరిచేయగలిగే లోపమే ఇది.

ఎన్నిసార్లు ఆపిందో తేదీ, సమయంతో రాసి పెట్టుకోండి. గేటు దగ్గర ముందువైపు దీపం పెట్టమని, ఆ వెలుతురులోనే మీ ముఖం మళ్లీ నమోదు చేయమని అడగండి. అది జరిగేదాకా కార్డు ఇమ్మనండి. ఆలస్యం మీ హాజరులో పడుతుంటే ఆ రాసిపెట్టిన కాగితమే మీకు సాక్ష్యం. మీలాంటి ఇబ్బంది ఇంకొకరికి కూడా ఉందేమో మెల్లగా అడిగి చూడండి. ఉంటుందనే నా నమ్మకం, వాళ్లూ మీలాగే చెప్పకుండా ఊరుకుని ఉంటారు.

మా తొమ్మిదేళ్ల బాబు బడిలో లైబ్రరీ పుస్తకాలకు వేలిముద్ర తీసుకుంటామని కాగితం పంపారు. అందరూ సంతకం పెట్టేశారట. నేనొక్కదాన్నే పెట్టకపోతే బాగుండదేమో?
— ఒక తల్లి

సంతకం పెట్టకండి. పుస్తకం తీసుకోవడానికి పేరు, తరగతి చాలు. తొమ్మిదేళ్ల పిల్లవాడి ముద్ర ఎక్కడో బయటపడితే, ఆ పిల్లవాడు పెద్దయి ఉద్యోగం చేసి రిటైరయ్యేదాకా అది బయటే ఉంటుంది. పైగా బడిలో సర్వరు చూసుకునేది ఎవరో, ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో మనకు తెలియదు. ఏమీ అడక్కుండా వేలు చాచడం పిల్లలకు ఇంత చిన్నప్పుడే అలవాటు చేయడం కూడా నాకు ఇష్టం లేదు.

బ్రిటన్‌లో 2012 చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్ బడులు తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి లేకుండా పిల్లల వేలిముద్రలు వాడకూడదు. తల్లిదండ్రులు సరేనన్నా పిల్లవాడు వద్దంటే ఆపేయాలి. ఒప్పుకోనివాళ్లకు వేరే మార్గం చూపించాలి. స్వీడన్‌లో షెలెఫ్టియో ఊరి బడి 22 మంది విద్యార్థుల హాజరు కోసం మూడు వారాలు ముఖం గుర్తుపట్టే కెమెరా వాడితే, 2019లో అక్కడి డేటా రక్షణ సంస్థ ఆ ఊరి పాలకసంస్థకు రెండు లక్షల క్రోనార్ల జరిమానా వేసింది. తల్లిదండ్రులు ఒప్పుకున్నారని బడి చెప్పింది. బడి మీద ఆధారపడి ఉన్నవాళ్ల ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇచ్చినట్టు కాదని ఆ సంస్థ తేల్చింది. "అందరూ పెట్టేశారు" అన్న మాట వింటే నాకు ఆ తీర్పే గుర్తొస్తుంది.

ప్రిన్సిపాల్‌కు ఇలా రాయండి: "మా అబ్బాయి వేలిముద్ర ఇవ్వడానికి మేం ఒప్పుకోవడం లేదు. అతనికి లైబ్రరీ కార్డు ఇప్పించండి. ఇప్పటికే ముద్ర తీసుకుని ఉంటే దాన్ని, దాని బ్యాకప్‌లను చెరిపేసి ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి." కింద సంతకం, తేదీ వేసి ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. బాబుకు కూడా ముందే చెప్పండి, తరగతిలో ఎవరైనా వేలు పెట్టమంటే "మా అమ్మ కార్డు ఇమ్మని రాసింది" అనమనండి.